ఎడమ పక్క గీత

గుణుపురం బస్టాండు ఎదురుగా నా జెరాక్స్ కొట్టు.
కాపీ రెండు రూపాయలు.
మిషను ముసలిది. ప్రతి కాగితానికీ ఎడమ పక్కన
వెంట్రుకంత నల్లగీత వదులుతుంది.
డ్రమ్ము మార్చాలన్నాడు బరంపురం మెకానిక్కు.
గీతతో ఎవరికి పనేముందని ఊరుకున్నాను.

వంశధార పొంగి తీసిన నెలలో
సర్దారు వచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో ఆరు ఆధార్ కార్డులు.
"కొండమీద గుంటలు బాబూ.
తమిళదేశం నూలుమిల్లు. తిండీ పడకా వాళ్ళదే.
ఇళ్ళకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాను."
పుట్టిన యేడు చివర ఎనిమిది.
మొదటి కాపీ మీద, వైటు సీసాలో పుల్ల ముంచి
ఎనిమిదికి ఎడమ సగం పూశాడు.
మూడైంది.
ఎంత సులువో చూడండి,
అయిదు వానాకాలాలు, అయిదు తరగతులు,
ఒక పుల్ల మొన మీద.

కాపీకి ఇరవై ఇచ్చాడు.
నేను తలెత్తలేదని ఇప్పుడు చెప్పను. ఎత్తాను.
బయట అరుగు మీద వరసగా కూర్చున్నారు,
ఒకర్తె జడకి ఇంకా బడి రిబ్బనే.
మధ్యాహ్నం బండెక్కారు, పలాసలో మెయిలు మారడానికి.
ఆ నూట ఇరవైతో అరకిలో కోడి తెచ్చుకున్నాను.
బాగానే తిన్నాను.

అయిదేళ్ళకి,
ఆ అబద్ధం వయసుకి తను నిజంగా చేరాక,
సులామి రయితా నా కొట్టు మెట్లెక్కింది.
కుడిచేతికి రెండు వేళ్ళు సగం దాకే ఉన్నాయి.
మిగతా సగాలు కోయంబత్తూరు పక్కన
ఏ యంత్రం కింద ఊడ్చిపారేశారో.
"పని నేర్పుతావా?" అంది. అడుక్కున్నట్టు లేదు.
నేను రిబ్బనుని గుర్తుపట్టలేదు. వేళ్ళే చూశాను.

ఎనిమిది వేళ్ళతో ఒడియా కొట్టింది, తెలుగు కొట్టింది,
సవర మాటల్ని ఒడియా అక్షరాల్లో ఇరికించి కొట్టింది.
సంతకి దిగిన తల్లుల్ని బెంచీ మీద కూర్చోబెట్టి
అడ్వాన్సంటే అప్పే,
చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యకమ్మా అని
వాళ్ళ భాషలో పోట్లాడింది.
గుంటలకి హాస్టలు ఫారాలు నింపింది.
ఒక తల్లి ఫీజుగా కోడిపుంజుని తెచ్చింది,
తిప్పి పంపలేక నెల్రోజులు మిషను వెనక కట్టేశాం.

ఒకరోజు మిషను అద్దం మూలన
సన్నటేపు మీద నాలుగంకెలు రాసి అంటించింది:
1098.
ఇక ఈ కొట్టు నుంచి ఏ కాగితం వెళ్ళినా,
పొలం పట్టా కానీ, చావు సర్టిఫికెట్టు కానీ,
మూలన ఆ పిల్లల నంబరుతోనే వెళుతుంది.

మొన్న ఇంకో సర్దారు. ఏడు కార్డులు.
"వీళ్ళ పేర్లేంటన్నా?" అడిగింది, కార్డులు బోర్లించి.
మూడు చెప్పాడు. రెండు తప్పు.
నాలుగోది వెతుక్కుంటుండగానే
బల్ల కింద ఆమె బొటనవేలు ఫోను నొక్కేసింది.
నలుగురు మళ్ళీ కొండెక్కారు.
ముగ్గురు అప్పటికే బండెక్కేశారు.
ఆ ముగ్గురి కబురు కోసం ఇంకా చూస్తున్నాం.

ఆ రాత్రి షట్టరు దించుతూ చెప్పేశాను,
వైటు సీసా, నూట ఇరవై, అరకిలో కోడి, అన్నీ.
టోనరు మసి తుడుచుకుంటూ వింది.

"తెలుసు బాబాయ్.
మిల్లు ఆఫీసులో నా ఫైలు తెరిచి చూపించారు,
పద్దెనిమిది నిండాయి చూసుకోమని.
ఎడమ పక్కన గీత ఉంది.
మా బడి ఫారాల మీదా అదే గీత,
చిన్నప్పట్నుంచీ చూసిందే.
ఆ డ్రమ్ము మార్చకు."

మరి నా దగ్గరికే ఎందుకొచ్చావని అడగబోయి
అడగలేదు.
రేపటి ఫారాల మీద ఇటుకముక్క పెట్టి
తాళం నా చేతిలోంచి తీసుకుంది.